అటుకుల విమానం ఆఖరి ప్రయాణం

బోడిలంకలో పుట్టిన కడలి వామనమూర్తి ఆరేళ్ల వయసులో ఆకాశంలోంచి పడిన అటుకులు తిని బతికాడు. ఆ ఏడు తుపానుకు ఉప్పెన పొంగి లంకనంతా ఊడ్చుకుపోయింది. అతని అమ్మా నాన్నా అందులోనే పోయారు. మేనత్త అప్పాయమ్మ వాడిని చీరకొంగుతో నడుముకు కట్టుకుని బడి డాబా ఎక్కింది. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క లేదు. జనం సోలిపోతున్న సమయంలో రెండు పంకాల సైనిక విమానం ఒకటి కొబ్బరి మట్టలకు తగిలేంత కిందికి దిగి, తెరిచిన తలుపులోంచి గోనెబస్తాలు జారవిడిచింది. ఒక బస్తా సరిగ్గా డాబా మీద పడి పిగిలిపోయింది. అత్త దోసిట్లో అటుకులు పట్టి వాడి నోట్లో పోసింది.

ఆ విమానం అంతకు ముందు రెండు యుద్ధాలలో కొండల మీదికి సైనికులను మోసిందనీ, దాని ఎడమ రెక్కకు తూటాలు తగిలిన చోట రేకు అతుకులున్నాయనీ లంకలో ఎవరికీ తెలియదు. వాళ్లకు అది అటుకుల విమానం. అంతే.

వామనమూర్తిని అప్పాయమ్మే పెంచి చదివించింది. అతను పరీక్షలు రాసి, మెట్టు మెట్టు ఎక్కి, యాభై దాటేసరికి చారిత్రక స్మృతుల పరిరక్షణ మరియు ఉత్సవాల శాఖలో డిప్యూటీ డైరెక్టరయ్యాడు. ఆ శాఖలో పరిరక్షణకు ఒక గుమాస్తా, ఉత్సవాలకు నలభై మంది సిబ్బంది ఉండేవారు. ఎయిర్‌ఫోర్స్ వాళ్లు ఆ ముసలి విమానానికి ఇక విశ్రాంతి ఇస్తున్నారని తెలిసినప్పుడు, వామనమూర్తి తన సర్వీసులో మొదటిసారి ఎవరూ చెప్పకుండా ఒక పని చేశాడు. దాన్ని సాగరవరం సముద్రపు ఒడ్డున మ్యూజియంగా పెట్టుకుందామని ప్రతిపాదన పంపాడు. ఎలాగో అది పాసైపోయింది. విమానం కాగితాల మీద రాష్ట్రానికి దఖలు పడింది. ఇక స్థావరం నుంచి బయలుదేరి సాగరవరం పాత రన్‌వే మీద దిగడమే మిగిలింది. అదే దాని ఆఖరి ప్రయాణం.

ఆ మాట వినగానే అప్పాయమ్మ ఫోను చేసింది.

"ఏరా వామనా, అది నిజంగా మళ్లీ వత్తాదా?"

"వస్తుందత్తా. ఇక ఆ తర్వాత ఎగరదు."

"అయితే మన లంక మీదుగా ఓ చుట్టు తిప్పమనరా. ఆవేళ దణ్ణం పెట్టడానిక్కూడా నాకు ఓపిక లేదు. ఓ మాటు చెయ్యూపుతాను."

"అదెంత పని! అన్నీ నా చేతిలోనే ఉన్నాయి" అన్నాడు వామనమూర్తి.

అన్నమాట ప్రకారం స్థావరానికి వెళ్లి, విమానాన్ని తీసుకురాబోయే వింగ్ కమాండర్ యశోధరను కలిశాడు. ఆవిడ పదేళ్లుగా ఆ విమానాన్ని నడుపుతోంది. అతను సిగ్గుపడుతూనే బోడిలంక సంగతి చెప్పాడు. ఆవిడ మ్యాపు మీద పెన్సిలుతో చిన్న సున్నా చుట్టింది.

"రెండు చుట్లు తిప్పుతాను సార్. ఒకటి మీ అత్తగారి కోసం. ఒకటి దీని కోసం" అని విమానం పొట్ట మీద అరచేత్తో తట్టింది.

లోపల అన్నీ చూపించింది. సైనికులు కూర్చున్న గుడ్డ సీట్లు, గాయపడ్డవాళ్లను పడుకోబెట్టిన పట్టీలు, తలుపు దగ్గర నున్నగా అరిగిపోయిన ఒక పొడవాటి చెక్కపలక. బస్తాలన్నీ ఆ పలక మీదుగానే జారాయట. వామనమూర్తి దాని మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది.

కమిటీకి అధ్యక్షుడు పరాంకుశం గారు. ఆయన ప్రత్యేక ప్రధాన కార్యదర్శి. ఆయన మాట్లాడితే టైపు కొట్టి సంతకం కోసం పెట్టిన కాగితం చదువుతున్నట్టే ఉంటుంది.

"చారిత్రక ఘట్టము కళ్ల ముందు జరిగిపోయినంత మాత్రాన జరిగినట్లు కాదు" అన్నారు ఆయన మొదటి సమావేశంలో. "సదరు ఘట్టమునకు చేతితో పట్టుకొనదగిన సాక్ష్యము ఉండవలెను. కావున ఆఖరి ప్రయాణమందు ఐదు వందల తపాలా కవర్లను విమానములో ఉంచి, అవి గగనమును స్పృశించినట్లు ముద్ర వేసి, ప్రముఖులకు అందజేయవలెను."

కవర్లే కదా, బరువేముంటుంది అనుకున్నాడు వామనమూర్తి. మినిట్స్‌లో సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా మంత్రిగారి పేషీ నుంచి కబురొచ్చింది. కవరిస్తే ఎవరు చూస్తారు, శాలువాలైతే కప్పుకుంటారు, వెయ్యి శాలువాలు ఎగరాలి అని. శాలువాలు ఎగురుతున్నాయని తెలిసి సహకార సంఘం వాళ్లు నేతి మైసూరుపాకు ఎగరాలన్నారు. విశ్వవిద్యాలయం వాళ్లు స్నాతకోత్సవం గౌన్లు తెచ్చారు. గృహనిర్మాణ శాఖ వచ్చే రెండేళ్లలో వేయబోయే శంకుస్థాపనలన్నిటికీ కావలసిన ఇటుకలను ముందే ఎగరేసి పెట్టుకుంటే మంచిదని రాసింది. ఒక ఎమ్మెల్యే గారు తన కూతురి పెళ్లి శుభలేఖలు, వాటితోపాటు విస్తళ్లు పంపించారు. ఇక మ్యూజియం ప్రారంభోత్సవ శిలాఫలకం ఉండనే ఉంది. నల్లరాయి, ఆరుగురు మోస్తే గానీ కదలదు. ఎగరని శిలాఫలకాన్ని ఆవిష్కరిస్తే మంత్రిగారికి నామర్దా అని దాన్నీ జాబితాలో చేర్చారు.

ఎగిరిన ప్రతి వస్తువుకూ గగనస్పర్శ ధ్రువపత్రం ఇస్తారు. దాంతో రాష్ట్రంలో వస్తువులు రెండు రకాలయ్యాయి. ఎగిరినవి, ఎగరనివి. ఎగరని శాలువా కప్పితే ఒక కార్పొరేషన్ చైర్మన్ దాన్ని అక్కడే తీసి కప్పినవాడి చేతిలో పెట్టేశాడట.

యశోధర ఫోను చేసింది. "సార్, మీరు పంపిన వస్తువులు హ్యాంగరులో పట్టడం లేదు. ఈ విమానం మోయగలిగినదానికి రెండింతలున్నాయి."

ఆ సంగతి కమిటీ ముందు పెట్టాడు వామనమూర్తి. పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"సదరు బరువు పరిమితిని ఎవరు నిర్ణయించినారు?"

"తయారుచేసినవాళ్లు సార్."

"ఏ సంవత్సరమున?"

"అరవై ఏళ్లు దాటింది సార్."

"అరవై ఏళ్లలో మన జీతములు ఎన్ని పర్యాయములు సవరింపబడినవో మీకు తెలియును. ఈ పరిమితి ఒక్కసారియైనను సవరింపబడలేదు. ఇది సదరు విమానమునకు జరిగిన అన్యాయము. వెంటనే యాభై శాతము పెంచుతూ ఉత్తర్వు జారీ చేయుడు."

ఉత్తర్వు జారీ అయింది. యశోధరను కమిటీ ముందుకు పిలిపించి దాన్ని చదివి వినిపించారు. ఆవిడ నెమ్మదిగా అడిగింది. "సార్, దీన్ని ఇంజను దగ్గర చదవాలా, చక్రాల దగ్గర చదవాలా?"

వామనమూర్తికి నవ్వొచ్చింది. కానీ గదిలో ఎవరూ నవ్వడం లేదు కాబట్టి తనూ నవ్వలేదు.

తర్వాత ప్రోటోకాల్ గొడవ మొదలైంది. కేబినెట్ హోదా గలవారి వస్తువులు పైలట్ వెనకే మొదటి వరసలో, ఎమ్మెల్యేలవి మధ్యలో, జిల్లా స్థాయివి తోకలో అని ప్రోటోకాల్ జాయింట్ సెక్రటరీ పటం గీసి పంపాడు. బరువంతా ముందుకు చేరితే ముక్కు లేవదంది యశోధర.

"అయితే మంత్రిగారి శాలువాలను తోకలో కూర్చోబెట్టమంటారా మేడమ్? ఆ తర్వాత నేనెక్కడ కూర్చోవాలి?" అన్నాడు జాయింట్ సెక్రటరీ.

పరాంకుశం గారు రాత్రంతా ఆలోచించి ఒక మెమో విడుదల చేశారు. ఇకమీదట సదరు విమానమునకు సంబంధించినంత వరకు తోకనే శిరోభాగముగా పరిగణించవలెను. అది వెలువడిన గంటలో ముందున్నవాళ్లందరూ తమ వస్తువులను తోకలోకి మార్చమని ఒత్తిడి తెచ్చారు. ఇప్పుడు విమానం వెనక్కి కూలబడేలా తయారైంది. కమిటీ దీన్ని సమస్యగా కాక, మెమో విజయంగా నమోదు చేసింది.

బరువు మాత్రం తగ్గలేదు. చివరికి తగ్గించదగిన బరువు ఏదో గుర్తించమని ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం స్థావరానికి వెళ్లి, విమానమంతా తిరిగి చూసి, స్మృతిచిహ్నాలు కాని వస్తువులు లోపల చాలా ఉన్నాయని కనిపెట్టింది. గుడ్డ సీట్లు, పట్టీలు, అరిగిపోయిన చెక్కపలక.

"ఇవి కూడా చారిత్రకమైనవే కదండీ" అన్నాడు వామనమూర్తి. కమిటీలో అతను అంత పెద్ద గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

పరాంకుశం గారు జాలిగా చూశారు. "వామనమూర్తిగారూ, మీరు మౌలికమైన పొరపాటు చేయుచున్నారు. స్మృతిచిహ్నము వేరు, వాహకము వేరు. ఉత్తరము చారిత్రకమైనదైనంత మాత్రమున పోస్టుమేన్ సైకిలు చారిత్రకము కాజాలదు. సదరు విమానము స్మృతిచిహ్నములను తెచ్చు వాహకము మాత్రమే. దానికి గగనస్పర్శ ధ్రువపత్రము కలదా?"

"లేదు సార్."

"దరఖాస్తు చేసుకొన్నదా?"

"లేదు సార్."

"మరి!"

సీట్లూ పట్టీలూ పలకా పాత సామాన్లవాడికి వెళ్లిపోయాయి. తొలగింపు ఉత్తర్వు మీద సంబంధిత అధికారి హోదాలో వామనమూర్తి సంతకం పెట్టాడు. పెట్టేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది. కానీ ఆ నెలలోనే జాయింట్ డైరెక్టరు పోస్టు ఖాళీ అవుతోంది. చెయ్యి మళ్లీ కదిలింది.

అయినా బరువు ఎక్కువే ఉంది. ఇంధనం తగ్గించమన్నారు. సూటిగా వచ్చి దిగడానికి చాలినంతే పోయాలి, లంకలూ గింకలూ చుట్టడానికి వీల్లేదు అని రాసిన కాగితం వామనమూర్తి చేతే పంపించారు. అతను అత్తకు ఫోను చేశాడు.

"అత్తా, లంక మీదికి రావడం కుదరట్లేదే."

"ఏం, దారి తప్పుతాదా?"

"కాదత్తా. బరువెక్కువైంది."

"ఆవేళ నిండా బస్తాలేసుకుని వచ్చిందిరా. ఇప్పుడంతకంటే ఏం మోసుకొత్తంది?"

శాలువాలని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "గవర్నమెంటు సామానత్తా" అన్నాడు.

"సర్లే. గవర్నమెంటంటే బరువుగానే ఉంటాది" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ప్రయాణానికి వారం ముందు సామాన్లన్నీ ఎక్కించి, విమానాన్ని రన్‌వే మీద నడిపి చూశారు. అది ఈ చివర నుంచి ఆ చివరి దాకా రొప్పుతూ పరిగెత్తి, ఒక్క జానెడు కూడా లేవకుండా కంచె ముందు ఆగింది. యశోధర దిగివచ్చి తలమీది హెడ్‌సెట్ తీసింది.

"సార్, రెండింట్లో ఒకటి తేల్చుకోండి. ఇవి ఎగరాలా, ఇది ఎగరాలా?"

ఆవిడ కోపంతో అన్న మాటను కమిటీ పరిష్కారంగా తీసుకుంది. అత్యవసర సమావేశంలో పరాంకుశం గారి ముఖం వెలిగిపోయింది.

"స్మృతిచిహ్నములు ఎగరక తప్పదు, ఏలయనగా వాటికి ధ్రువపత్రములు ముద్రింపబడినవి. విమానమునకు అట్టి నిర్బంధమేదియు లేదు. కావున స్మృతిచిహ్నములను ప్రైవేటు కార్గో విమానమందును, చారిత్రక విమానమును రోడ్డు మార్గమున లారీలపైనను తరలించవలెను."

 అందరూ ఒకేసారి బల్లలు చరిచారు. వామనమూర్తి కూడా చరిచాడు. అందరికంటే ఒక దెబ్బ ఆలస్యంగా చరిచాడు, అంతే తేడా.

ధ్రువపత్రంలో చిన్న అక్షరాలతో ఒక సవరణ చేశారు. "చారిత్రక విమానపు ఆఖరి ప్రయాణమును పురస్కరించుకొని, చారిత్రకము కాని విమానమందు ప్రయాణించిన వస్తువు" అని. లారీల కాంట్రాక్టు ఇచ్చేశారు. టోల్‌గేట్లలో పట్టదు కాబట్టి రెక్కలు కోయడానికి కూడా అనుమతి ఇచ్చారు. సామాన్లన్నీ దించి, అటుకుల విమానాన్ని ఖాళీగా హ్యాంగరులో వదిలేశారు.

అనుకున్న రోజు రానే వచ్చింది. కార్గో విమానం పెద్దది, పాత రన్‌వే మీద దిగలేదు. అందుకని స్వాగతమంతా కొత్త విమానాశ్రయంలో ఏర్పాటు చేశారు. షామియానాలు, బ్యాండు మేళం, బడిపిల్లల చేతుల్లో జెండాలు. వామనమూర్తి దండలు లెక్క చూసుకుంటూ ఉండగా ఫోను మోగింది.

"సార్, యశోధరని. నా దగ్గరున్న ఉత్తర్వు ప్రకారం ఈ పొద్దు విమానాన్ని సాగరవరం పాత రన్‌వేలో అప్పగించాలి. రద్దు చేస్తున్నట్టు మీ దగ్గర నుంచి మాకు కాగితమేదీ రాలేదు."

"పంపాం మేడమ్. పరిశీలనలో ఉంది."

"పరిశీలనలో ఉంటే రద్దు కానట్టే కదా సార్. ఇది ఇప్పుడు ఖాళీగా ఉంది. ట్యాంకు నిండా పోయించాను. బయలుదేరమంటారా, వద్దంటారా?"

వామనమూర్తి చుట్టూ చూశాడు. పరాంకుశం గారు మంత్రిగారి చెవిలో ఏదో చెబుతున్నారు. "నేనేమీ వినలేదు మేడమ్. ఇక్కడ బ్యాండు చప్పుడు" అని ఫోను కట్టేశాడు. అప్పటికి బ్యాండు ఇంకా మొదలే పెట్టలేదు.

కార్గో విమానం దిగింది. శాలువాల పెట్టెలు ఒక్కొక్కటే దిగుతుంటే మంత్రిగారు ఒక్కొక్క పెట్టెకూ దండ వేశారు. మైసూరుపాకు డబ్బాలకు బడిపిల్లలు సెల్యూట్ చేశారు. శిలాఫలకాన్ని క్రేనుతో దించుతున్నప్పుడు జాతీయ గీతం వాయించాలా వద్దా అని చిన్న వాదన జరిగింది.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. రెండు పంకాల ముసలి చప్పుడు, కొంచెం గరగరగా, కొంచెం తెరలు తెరలుగా. బ్యాండు వాళ్లు తమంతట తామే ఆగిపోయారు. లంకల వైపు నుంచి వస్తూ, తాటిచెట్ల మీదుగా, చాలా కిందుగా అది వెళ్లింది. ఎడమ రెక్క మీది రేకు అతుకులు ఎండకు మెరిశాయి. పిల్లలు జెండాలు వదిలేసి కేకలు పెడుతూ దాని కింద పరిగెత్తారు.

"ఎవరిదయ్యా ఆ విమానం? మన ప్రోగ్రాంలో ఉందా?" అన్నారు మంత్రిగారు.

పరాంకుశం గారు వామనమూర్తి వైపు చూశారు.

"మనకు సంబంధం లేదు సార్" అన్నాడు వామనమూర్తి. "ఎవరిదో తెలీదు."

అనేశాక అతనికి నాలుక మీద ఏదో చేదుగా తగిలింది. జేబులోంచి యాలక తీసి నోట్లో వేసుకున్నాడు. పోలేదు.

పాత రన్‌వే మీద అటుకుల విమానం దిగినప్పుడు అక్కడ వాచ్‌మన్, నాలుగు గేదెలు తప్ప ఎవరూ లేరు. వాచ్‌మన్ చేతే అందినట్టు సంతకం పెట్టించుకుని, యశోధర రాత్రి రైలుకు వెళ్లిపోయింది.

సాయంత్రం అప్పాయమ్మ ఫోను చేసింది. 

"చూశానురా వామనా! రెండు చుట్లు తిరిగింది. రేవులో ఉన్నోళ్లందరం పైకి చేతులెత్తి ఊపాం. తలుపు దగ్గర ఎవడో కుర్ర సిపాయి, వాడూ ఊపాడు. మాటిచ్చావు, నిలబెట్టుకున్నావు."

"ఊఁ" అన్నాడు వామనమూర్తి.

మర్నాడు కమిటీ కూర్చుంది. విమానం వచ్చేసిందని వామనమూర్తి చెప్పాడు.

"రాలేదు" అన్నారు పరాంకుశం గారు.

"అక్కడ నిలబడి ఉంది సార్, నేను చూసి వచ్చాను."

"రికార్డు ప్రకారము అది లారీపై రావలెను. లారీపై రానిది వచ్చినట్లు ఎట్లగును? పైగా అందులో ఒక్క స్మృతిచిహ్నమైనను లేదు. అట్టి ప్రయాణమును ఆఖరి ప్రయాణముగా గుర్తించినచో, మనము ఇచ్చిన ధ్రువపత్రములన్నియు అబద్ధములగును."

లారీల కాంట్రాక్టరు కూడా పట్టుబట్టాడు. పని రాసిచ్చింది స్థావరం నుంచి సాగరవరం దాకా, పాత రన్‌వే నుంచి కాదు అని. అందుచేత విమానం రెక్కలు కోసి, మొండెం రెండు ముక్కలు చేసి, లారీలకెక్కించి, సాగరవరం నుంచి స్థావరానికి పంపించారు. అక్కడి గేటు దగ్గర సెంట్రీ అప్పగించేసిన వస్తువును లోపలికి రానివ్వనన్నాడు. లారీలు గేటు ముందే మలుపు తిరిగి, నిబంధనల ప్రకారం స్థావరం నుంచి సాగరవరానికి బయలుదేరాయి. దారిలో ఒక ఫ్లైఓవరు కింద తోక ఇరుక్కుంటే దాన్ని అక్కడే వదిలేశారు. మిగిలినదానికి పరాంకుశం గారు స్వయంగా ఎదురువెళ్లి, విమానం క్షేమంగా చేరిందని పత్రికలకు ప్రకటన ఇచ్చారు.

మరోవైపు విచారణ మొదలైంది. అనుమతి లేకుండా విమానాన్ని లంక మీద ఎవరు తిప్పించారు? రేవులో ఎవరో తీసిన ఫోటో ఒకటి బయటికొచ్చి, రాష్ట్రం నుంచి ఎయిర్‌ఫోర్స్‌కు ఫిర్యాదు వెళ్లింది. ఎవరి కోరిక మీద తిప్పావని పైవాళ్లు యశోధరను అడిగితే, ఎవరూ కోరలేదు, నా సొంత నిర్ణయం అని ఆవిడ రాసిచ్చిందట. ప్రమోషన్ ఆపుతారనీ, ఇంకా పెద్ద శిక్షే పడొచ్చనీ వామనమూర్తి చెవిన పడింది. రెండుసార్లు ఆవిడకు ఫోను చేయబోయి మానుకున్నాడు.

మ్యూజియం ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఏసీ హాలులో అద్దాల పెట్టెలు, వాటిలో మడత నలగని శాలువాలు, వాటి మీద చిన్న చిన్న దీపాలు. ఒక పెట్టెలో మైసూరుపాకు. వెనక ఆవరణలో టార్పాలిన్ కింద విమానం ముక్కలున్నాయి, "పనులు జరుగుచున్నవి, ప్రవేశము లేదు" అని బోర్డు పెట్టారు.

కార్యక్రమంలో తుపాను లబ్ధిదారు ఒకరికి స్మృతిచిహ్నం అందజేయాలని ఉంది. ఒక ముసలామె కావాలని పరాంకుశం గారు అడిగితే, వామనమూర్తి తన మేనత్త ఉందన్నాడు. ఆయన సంతోషించారు. జాయింట్ డైరెక్టరు ఫైలు ఇంకా ఆయన బల్ల మీదే ఉంది.

అప్పాయమ్మ ఉతికిన నేతచీర కట్టుకుని వేదిక ఎక్కింది. మంత్రిగారు గగనస్పర్శ శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు.

"ఆయ్, నమస్కారమండీ" అంది అప్పాయమ్మ. "ఆవేళ ఆ విమానం రాకపోతే నేనూ లేను, మా వామనుడూ లేడు. మొన్నామధ్య మళ్లీ వచ్చి మా లంక మీద రెండు చుట్లు తిరిగిందండి. మా లంకోళ్లంతా చూశాం. మా మేనల్లుడే తిప్పించాడు. అదిగో, ఆ మూల నిలబడ్డాడే, వాడే."

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. మంత్రిగారు కుర్చీలో పక్కకు తిరిగారు. పరాంకుశం గారి ముఖం తెల్లబడింది. ముందు వరసలో పత్రికలవాళ్లు పెన్నులు తీశారు.

"ఏమయ్యా, ఆ రోజు ఎవరిదో తెలీదన్నావు" అన్నారు మంత్రిగారు. మైకు ఆన్‌లోనే ఉంది. "నువ్వేనా తిప్పించింది?"

వామనమూర్తి నోరు తెరిచాడు. కాదు సార్ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసులో అలవాటైన మాట, దానంతటదే వస్తుంది. ఎదురుగా అత్త మైకు పట్టుకుని, కళ్లు చిట్లించి, అతన్నే చూస్తోంది.

"నేనే సార్" అన్నాడు. గొంతు కీచుమంది. సర్దుకుని మళ్లీ అన్నాడు. "పైలట్‌గారికేం సంబంధం లేదు. అధికారిని నేను. తిప్పమని నేనే చెప్పాను."

సస్పెన్షన్ ఉత్తర్వు అంత తొందరగా టైపైన దాఖలా ఆ శాఖలో లేదు. "అధికారిక స్మృతిచిహ్నములు లేకుండా చారిత్రక విమానమును ఎగురనిచ్చి, దానిని అనర్హులైన ప్రజలకు చూపించినందులకు" అని కారణం రాశారు. చివరి వాక్యం పరాంకుశం గారే స్వయంగా దిద్దారట. అతను వాంగ్మూలం రాసిచ్చాక, యశోధర మీద ఫిర్యాదును వెనక్కు తీసుకోక తప్పలేదు. తప్పు చేసినవాడు ఒకడు దొరికాక రెండోవాడిని వెతకడం ఆ శాఖ ఆనవాయితీ కాదు.

సాయంత్రం రేవులో పంటు పడవ ఎక్కి లంకకు బయలుదేరారు అత్తా అల్లుడూ. పంటు మీద నాలుగు మోటారు సైకిళ్లు, అరటిగెలలు, కాలేజీ పిల్లలు. కూర్చునే బల్ల తడిగా ఉంటే అప్పాయమ్మ శాలువాతో తుడిచి, ఇద్దరికీ చోటు చేసింది.

"ఉజ్జోగం పోయినట్టేనా?"

"పోలేదు. పక్కన పెట్టారు. ప్రమోషన్ మాత్రం పోయింది."

"ఊఁ."

 వామనమూర్తి తల వంచుకుని అన్నాడు. "అత్తా, నీకో సంగతి చెప్పాలి. ఆ రోజు తిప్పించింది నేను కాదు. ఆ పైలట్ మేడమ్ తనంతట తనే తిప్పింది. నేను కనీసం..."

"తెలుసు లేరా" అంది అప్పాయమ్మ.

అతను తలెత్తాడు.

"ఆవేళ ఫోనులో నువ్వు ఊఁ అన్నావు చూడు, అప్పుడే తెలిసింది. చేసినోడు అలా అనడు."

"మరి తెలిసి కూడా అందరి ముందూ మైకులో నా పేరెందుకు చెప్పావత్తా?"

అప్పాయమ్మ శాలువా పిండి, పంటు కమ్మీ మీద ఆరేసింది.

"నువ్వేమంటావో చూద్దామని" అంది. "లేదంటావనే అనుకున్నాను."